ఎవరు పాడారో సరే, ఏం మార్చారు?

అమ్మాయికి,

ఆశీస్సులు. నువ్వు పంపిన వ్యాసం అందింది. మొదటిసారి రైల్లో చదివాను, రెండోసారి ఇంటికొచ్చాక ఆ పాట పెట్టుకుని చదివాను. ‘అన్‌చెయిన్డ్ మెలొడీ’ అనే ఇంగ్లీషు పాట గురించి తెలుగులో ఇంత ఓపికగా పోగేసినవాళ్లను నేను చూడలేదు. పాడినవాళ్ల పేర్లు, సంవత్సరాలు, చార్టుల్లో, అంటే అమ్మకాల వరుస పట్టికల్లో ఎంతవరకు ఎక్కిందీ అన్నీ రాశావు. కానీ చదవడం పూర్తయ్యాక నాకు పాట వినబడలేదు. పెళ్లిలో చదివింపుల పుస్తకం చూసినట్టుంది. ఎవరు ఎంత రాయించారో తెలుస్తుంది, పెళ్లి ఎలా జరిగిందో తెలియదు.

నొచ్చుకోకు. ఇంత కష్టపడ్డావు కాబట్టే ఇంత పెద్ద ఉత్తరం రాస్తున్నాను.

పాట పుట్టిన చోటు గురించి నువ్వు ఒక్క వాక్యం రాసి ముందుకెళ్లిపోయావు: 1955లో వచ్చిన ‘అన్‌చెయిన్డ్’ సినిమాలోది అని. నన్నడిగితే నీ వ్యాసానికి ప్రాణం అక్కడుంది. అది జైలు సినిమా. కాలిఫోర్నియాలో చినో అనే ఊరి జైల్లో ఎత్తయిన గోడలు లేకుండా, ఖైదీలను నమ్మకం మీద ఉంచే ప్రయోగం చేశారు. అక్కణ్ణుంచి పారిపోవాలంటే పారిపోవచ్చు. పారిపోతే ఇంటికి చేరతాడేమో గానీ జన్మంతా దాక్కుని బతకాలి. ఉండిపోతే శిక్ష తీరేదాకా భార్యతో కలిసి బతకలేడు. ఆ ఊగిసలాటే సినిమా కథ. అందులో టాడ్ డంకన్ ఖైదీ వేషంలో ఈ పాట పాడతాడు.

ఇప్పుడు ఆ మాటలు మళ్లీ విను. నీ స్పర్శ కోసం ఎన్నాళ్లుగానో తపించిపోతున్నాను, కాలం ఎంతకీ కదలడం లేదు, నా కోసం ఎదురుచూడు, ఇంటికి వస్తున్నాను. ఇన్నాళ్లూ ఇవి ప్రేమికుడి మాటలనుకున్నాం. జైల్లో పెట్టి వింటే ఒక్కో మాటా బరువెక్కుతుంది. కాలం కదలకపోవడమంటే గోడ మీద రోజులు గీసుకునేవాడి కాలం. ‘నువ్వింకా నా దానివేనా’ అని అడగడంలో బయట ఉన్న మనిషి మీద ఖైదీకి ఉండే భయం ఉంది. ఆ తర్వాత పాడిన ప్రతివాళ్లూ ఆ జైలును తీసేసి పాడారు. భయం మాత్రం పాటలోనే మిగిలిపోయింది. అది ఎందుకంత పట్టుకుంటుందో నాకు ఇలా అర్థమైంది.

డంకన్ గురించి కూడా రెండు మాటలు రాయాల్సింది. 1935లో అమెరికన్ సంగీతకర్త గెర్ష్విన్ ఒపెరా (పాటల నాటకం) ‘పోర్గీ అండ్ బెస్’లో మొట్టమొదటి పోర్గీ ఆయనే. హోవర్డ్ యూనివర్సిటీలో సంగీతం పాఠాలు చెప్పిన నల్లజాతి గాయకుడు. ఆ ఒపెరా వాషింగ్టన్‌కు వచ్చినప్పుడు, ప్రేక్షకుల్లో నల్లవాళ్లను విడిగా కూర్చోబెట్టే థియేటర్‌లో పాడనని పట్టుబట్టి, ఆ పద్ధతి మార్పించాడు. అలాంటి మనిషి గొంతులో ఈ పాట మొదలైందంటే చదివేవాడికి తెలియొద్దా?

పేరు సంగతి చూడు. పాట మొత్తంలో ‘అన్‌చెయిన్డ్’ అనే మాట ఒక్కసారి కూడా రాదు. బాణీ అలెక్స్ నార్త్‌ది, మాటలు హై జారెట్‌వి. సినిమా పేరు ఎలాగైనా పాటలో ఇరికించమని నిర్మాత అడిగితే జారెట్ ఒప్పుకోలేదు. ప్రేమించిన మనిషికి దూరమైనవాడి బాధ రాశాడు, అంతే. చివరికి ‘అన్‌చెయిన్డ్ సినిమాలోని మెలొడీ’ అన్న అర్థంలో ఆ పేరు పెట్టారు. సినిమా పేరు ఇరికించి ఉంటే పాట సినిమాతోపాటే పోయేది. సినిమాను ఇవాళ ఎవరూ చూడరు, పాటను వినని దేశం లేదు. కొత్తగా రాసేవాళ్లకు ఈ కథ నేను తరచూ చెబుతాను, ఎవరో అడిగారని మాటను బలవంతంగా కూర్చొద్దని.

ఇక్కడే నా తప్పు ఒకటి నీకు చెప్పాలి. తొంభైల్లో ఒక వారపత్రికకు సినిమా పాటల మీద రాస్తుండగా, ఈ పాట ‘ఘోస్ట్’ సినిమా కోసం రాసిందని అచ్చులో రాసేశాను. వీడియో క్యాసెట్‌లో ఆ సినిమా చూశాను, పాట నచ్చింది, ఇంకేం ఆలోచించలేదు. రెండు వారాలకు ఒక పోస్టుకార్డు వచ్చింది. రిటైరైన ఒక పెద్దాయన సన్నటి అక్షరాలతో కార్డు అంచుల దాకా రాశారు, తాను కాలేజీలో చదువుకునే రోజుల్లోనే ఈ పాట రేడియోలో విన్నానని, ఒకసారి సరిచూసుకోమని. ఒక్క కోపం మాట లేదు. ఆ మర్యాద నన్ను ఎక్కువ బాధపెట్టింది. కార్డు ఇప్పటికీ దాచుకున్నాను. పాట మనం విన్న రోజున పుట్టదు. ఏ పాట గురించి రాసినా దాని వెనక ఇంకో పాట ఉందేమో చూడటం అప్పటి నుంచి అలవాటైంది.

మాటలు ఎవరివన్న దాని మీదా నువ్వు తడబడ్డావు. ఒక ఇంజనీరు, చిన్నతనంలో 1936లో తానే ఈ మాటలు రాశానని చాలాకాలం చెప్పుకున్నాడు. ఆ కథ ఇప్పటికీ చాలాచోట్ల తిరుగుతోంది, నువ్వూ ఎత్తి రాసేశావు. ఆ వివాదం జారెట్ పక్షానే తేలింది, రాయల్టీ ఆయనకే అందింది. ఆయన 2007లో 99 ఏళ్ల వయసులో చనిపోయాడు. కథ బాగుందనిపించినంత మాత్రాన వ్యాసంలోకి రానివ్వకు. ఒకడు రాసిన దాన్ని ఇంకొకడికి కట్టబెట్టడం ఒక వాక్యంతో జరిగిపోతుంది, దిద్దడానికి ఏళ్లు పడుతుంది.

ఇక 1955. ఆ ఒక్క ఏడాదే ఇంతమంది ఎందుకు పాడారో నువ్వు చెప్పలేదు. లెస్ బాక్స్టర్ ఆర్కెస్ట్రా రికార్డు అమెరికాలో మొదటి స్థానానికి వెళ్లింది, ఆల్ హిబ్లర్‌ది మూడుకు, రాయ్ హామిల్టన్‌ది ఆరుకు. బ్రిటన్‌లో హిబ్లర్, బాక్స్టర్, జిమ్మీ యంగ్, లిబరాచీ, నలుగురి రికార్డులూ ఒకేసారి టాప్ ట్వెంటీలో ఉన్నాయి. జిమ్మీ యంగ్ మొదటి స్థానానికి వెళ్లాడు. ఇవాళ్టి పిల్లలకు ఇది వింతగా ఉంటుంది. ఆ రోజుల్లో సరుకంటే పాటే. ప్రచురణకర్త పాటను అమ్ముకునేవాడు, ప్రతి కంపెనీ తన గాయకుడితో పాడించుకుని మార్కెట్‌లోకి దింపేది. ‘అసలుది’, ‘కవర్’ (ఇంకొకరి పాటను మళ్లీ పాడింది) అన్న తేడా జనానికి అంతగా పట్టేది కాదు. మన పద్యనాటకం ఒకసారి గుర్తుచేసుకో. మా చిన్నప్పుడు ఊళ్లో హరిశ్చంద్ర ఆడితే కాటిసీను పద్యాలు ముందు వరసలో ముసలాళ్లకు నోటికొచ్చు. అయినా రాత్రి రెండింటిదాకా చలిలో దుప్పటి కప్పుకుని కూర్చునేవాళ్లు. ఈ నటుడు ఆ రాగాన్ని ఎంత దూరం లాగుతాడు, ఎక్కడ తుంచుతాడు, అది కావాలి వాళ్లకు. నువ్వు అలాంటి ముసలాడి చెవితో వినాలి.

అలా వింటే ఏం దొరుకుతుందో ఒక్క రికార్డు మీద చూపిస్తాను. 1965, రైటియస్ బ్రదర్స్ అనే అమెరికా గాయకుల జంట, బాబీ హాట్‌ఫీల్డ్, బిల్ మెడ్లీ. పేరు ఇద్దరిదైనా ఈ పాటలో వినబడేది హాట్‌ఫీల్డ్ ఒక్కడి గొంతే. ఆల్బమ్‌కు ఇద్దరూ చెరొక పాట ఒంటరిగా పాడుకోవాలన్నది వాళ్ల ఒప్పందం. ఈ పాట ఇద్దరికీ కావాల్సి వచ్చింది. హాట్‌ఫీల్డ్‌కు దక్కింది. సింగిల్‌గా, అంటే అటొక పాట ఇటొక పాట ఉండే చిన్న రికార్డుగా విడుదల చేసినప్పుడు దీన్ని రికార్డు వెనకవైపు వేశారు. ముందువైపు ‘హంగ్ ఆన్ యూ’. రేడియో వాళ్లు రికార్డును తిప్పి ఈ వైపే వేశారు. అమెరికాలో నాలుగో స్థానం దాకా వెళ్లింది. తర్వాత వచ్చిన ముద్రణల్లో నిర్మాతగా ఫిల్ స్పెక్టర్ పేరు పడింది గానీ, దాన్ని రికార్డ్ చేయించింది తానేనని బిల్ మెడ్లీ చెబుతూ వచ్చాడు. నువ్వు స్పెక్టర్ పేరు ఒక్కటే రాశావు. అది దిద్దు.

హాట్‌ఫీల్డ్ ఏం మార్చాడు? మొదలుపెట్టడం దాదాపు చెవిలో చెబుతున్నట్టు మొదలుపెడతాడు. మధ్యలో నదులు సముద్రంలో కలిసే చోట వాద్యాలు పైకి లేస్తాయి, గొంతు వాటితోపాటు లేస్తుంది. ఇదంతా వేరేవాళ్లూ చేశారు. చివర్లో ‘నీ ప్రేమ కావాలి’ అనే చోట మాత్రం, మిగతావాళ్లు దిగొచ్చే దగ్గర అతను ఎక్కుతాడు. గొంతు మామూలుగా వెళ్లే ఎత్తు దాటిపోతుంది. అక్కడ అది వేడుకోలు కాదు, ఓర్చుకోలేక వచ్చిన కేక. ఆ ఒక్క స్వరంతో పాట అతనిదైపోయింది. ఆ తర్వాత ఎవరు పాడినా జనం ఆ చోటు కోసమే కాచుకుని కూర్చుంటున్నారు. నీ వ్యాసంలో దీనికి ‘అత్యద్భుతంగా ఆలపించారు’ అని రాశావు. ఆ మాట ఎవరికైనా సరిపోతుంది, అందుకే ఎవరి గురించీ ఏమీ చెప్పదు. గొంతు ఎక్కడ ఎక్కిందో చెప్పు చాలు, అద్భుతమో కాదో పాఠకుడు విని తేల్చుకుంటాడు.

తీసేయడం కూడా మార్పే. అమెరికా గాయకుడు జీన్ విన్సెంట్ తన రికార్డులో ఆ నదుల చరణమే పాడలేదు. పైకి లేవాల్సిన చోటు లేకపోయేసరికి పాట ఒకే గదిలో తిరుగుతున్నట్టుంటుంది. నాకు అది చినో జైలుకు దగ్గరగా అనిపిస్తుంది.

ఎల్విస్ ప్రెస్లీ గురించి రాసిన పేరా నీ వ్యాసంలో అన్నిటికన్నా బాగుంది, కానీ రెండు కచేరీలు కలిపేశావు. ‘మూడీ బ్లూ’ ఆల్బమ్‌లో ఉన్నది 1977 ఏప్రిల్ 24న ఆన్ ఆర్బర్‌లో పాడినది. అందరూ చూసే వీడియో జూన్ 21న సౌత్ డకోటాలోని రాపిడ్ సిటీలో తీసింది. తనే పియానో వాయించుకుంటూ పాడాడు, పక్కన ఒకతను మైకు పట్టుకుని ఉంటాడు. ఒళ్లు బరువెక్కింది, మొహమంతా చెమట. నలభై రెండేళ్ల మనిషి అరవై ఏళ్లవాడిలా ఉన్నాడు. గొంతు మాత్రం చెక్కుచెదరలేదు. పాడుతూ మధ్యలో పక్కకు తిరిగి చిన్నపిల్లాడిలా నవ్వుతాడు. సరిగ్గా ఎనిమిది వారాలకు చనిపోయాడు. ఇంటికి వస్తున్నాను, ఎదురుచూడు అన్న మాట అక్కడ విన్నప్పుడు నేను ప్రతిసారీ వీడియో ఆపేస్తాను.

‘ఘోస్ట్’ 1990లో వచ్చింది. కుమ్మరి చక్రం మీద తడి మట్టి, నాలుగు చేతులు, హాట్‌ఫీల్డ్ పాట. కాసేపటికి సినిమాలో కథానాయకుడు చచ్చిపోతాడు. ఇంటికి వస్తానన్నవాడు ఇంట్లోనే ఉంటాడు, ఆమెకు కనపడడు. జైలు ఖైదీ పాట చనిపోయినవాడి పాటైంది, ఒక్క మాట మార్చకుండానే. ఆ ఏడాది పాత రికార్డు, వాళ్లిద్దరూ కొత్తగా చేసిన రికార్డు, రెండూ అమెరికా టాప్ ట్వెంటీలో ఒకేసారి ఉన్నాయి. బ్రిటన్‌లో పాతదే మొదటి స్థానానికి వచ్చింది. పాతికేళ్ల తర్వాత పాడిన హాట్‌ఫీల్డ్‌నూ, కుర్రాడు హాట్‌ఫీల్డ్‌నూ పక్కపక్కన పెట్టి విను. దీని మీదే ఒక పేజీ రాయొచ్చు, నీ దగ్గర రెండు అంకెలు మాత్రమే ఉన్నాయి.

రాబ్సన్, జెరోమ్‌లను నువ్వు వెక్కిరించావు. అది తీసేయి. వాళ్లు నటులు. టీవీ సీరియల్లో ఈ పాట పాడితే జనం రికార్డు కావాలని అడిగారు. 1995లో బ్రిటన్‌లో అన్నిటికన్నా ఎక్కువ అమ్ముడైన సింగిల్ అదే, పది లక్షలు దాటింది. వాళ్లు కొత్తగా ఏమీ చేయలేదు, 1965 నాటి పద్ధతినే దాదాపు అలాగే పాడారు. రాయాల్సింది అదే కదా! అప్పటికి జనం మనసులో పాటంటే హాట్‌ఫీల్డ్ రికార్డే. వేరేలా పాడి ఉంటే కొనేవాళ్లు కాదేమో. 2002లో గారెత్ గేట్స్‌తో ఇదే పాట నాలుగోసారి, నాలుగో గొంతుతో బ్రిటన్‌లో మొదటి స్థానానికి వెళ్లింది. పదిహేడేళ్ల కుర్రాడు, మాట్లాడితే నత్తి, పాడితే లేదు. ఆ కుర్రాడి గురించి నువ్వు రాసిందల్లా ‘రియాలిటీ షో రన్నరప్’ అని.

నీ పట్టికలో ఇరవై ఏడు రికార్డులున్నాయి. ఐదో ఆరో ఉంచుకో. ఏవి ఉంచాలో నేను చెప్పను, నీ చెవి చెప్పాలి. నాకు ముఖ్యమనిపించినవి నీకు కాకపోవచ్చు. విల్లీ నెల్సన్ 1978లో పాడింది నువ్వు చివర్లో కలిపావు, బహుశా నీకు అదే ఇష్టమనిపించింది, ఆ ఒక్క చోటే నీ వాక్యం నిదానించింది. ఇష్టమైతే దాంతోనే మొదలుపెట్టు. ఒక్కో రికార్డు కనీసం పదిసార్లు విని, చేత్తో ఒక కాగితం మీద రాసుకో, ఎక్కడ ఊపిరి తీసుకున్నారు, ఏ మాట నమిలారు, ఏ మాట వదిలేశారు. డెడ్‌లైన్ టెన్షన్ పెట్టుకోకు, పత్రిక వాళ్లతో నేను మాట్లాడతాను.

ముందుగా డంకన్ పాడింది విను. అది విన్నాకే రెండో డ్రాఫ్ట్ మొదలుపెట్టు. వచ్చే నెల పదో తారీఖు దాటాక ఇంట్లోనే ఉంటాను, కాగితాలు తీసుకుని రా. పోస్టుకార్డు చూపిస్తాను.

మీ మాస్టారు