చార్టు వద్దు, పసుపు డబ్బా తీయండి

"మా పాపకు మూడున్నరేళ్లు. ఇంద్రధనుస్సులోని ఏడు రంగులు వరసగా చెప్పలేకపోతోంది. ఏ చార్టు కొంటే మంచిది?" అని అడిగారు. ఏ చార్టూ కొనకండి. గుంటూరు బ్రాడీపేటలో మా ఇంటి వరండాలోనే ఆరేళ్లు చిన్నపిల్లల బడి నడిపాను. మొదటి ఏడాది నేనూ గోడకు చార్టు తగిలించాను. పిల్లలు గుక్క తిప్పుకోకుండా ఏడు పేర్లూ అప్పజెప్పేవారు. "మరి నీ చొక్కా ఏ రంగు?" అంటే చొక్కా చూసుకోవడం మానేసి గోడ వైపు చూసేవారు!

చేతికి అంటితేనే పసిపిల్లలకు రంగు తెలుస్తుంది. మన పెద్దవాళ్లకు ఈ సంగతి ఎప్పుడో తెలుసు కాబట్టే రంగులకు వస్తువుల పేర్లు పెట్టారు. పసుపు వంటింట్లో ఉంది, నారింజ పండ్ల బండి మీద ఉంది. చీరల కొట్లో కూర్చుంటే వంకాయ రంగు, ఉల్లిపొర రంగు, చిలకపచ్చ, నెమలికంఠం, కనకాంబరం అని వరసగా వినిపిస్తాయి. గుంటూరులో పుట్టిన పిల్లకు ఎరుపు చూపించడానికి కాగితం ఎందుకండీ? మిరప యార్డు వైపు ఒకసారి తీసుకువెళితే తుమ్ములతో సహా గుర్తుండిపోతుంది.

ఒక శనివారం దుగ్గిరాల నుంచి చుట్టాలు పసుపు కొమ్ములు పంపారు. మా అత్తగారు రోట్లో దంచుతుంటే పిల్లలందరూ చుట్టూ చేరారు. జల్లెడ వాళ్ల చేతికే ఇచ్చాను. పది నిమిషాల్లో ముక్కులు, మోచేతులు, వరండా గచ్చు అన్నీ పసుపే. స్టీలు పళ్లెంలో నీళ్లు పోసి కొంచెం పసుపు కలిపాం. మా అత్తగారు తన ఆకువక్కల పెట్టెలోంచి చిటికెడు సున్నం తీసి అందులో వేశారు. నీళ్లు ఒక్కసారిగా ఎర్రబడ్డాయి. ఎవరూ నోరు మెదపలేదు. అప్పుడు ఒక బుడతడు "దిష్టి నీళ్లు!" అని అరిచాడు. వాళ్లమ్మ చెల్లాయిని ఎత్తుకుని ఆసుపత్రి నుంచి వచ్చిన రోజున గుమ్మంలో అవే నీళ్లు తిప్పి పోశారట. నిమ్మచెక్క పిండితే ఎరుపు పోయి మళ్లీ పసుపు వచ్చింది. ఇక "మళ్లీ టీచర్, మళ్లీ" అంటూ నా చేత పదకొండు నిమ్మకాయలు పిండించారు. సున్నం మాత్రం పెద్దవాళ్లే వేయాలి, కంట్లో పడితే ప్రమాదం.

సోమవారం పొద్దున్నే ఆ బుడతడి తల్లి తెల్ల చొక్కా పట్టుకుని వచ్చింది. "పసుపు మరకే కదా అని సబ్బు పెట్టాను టీచర్ గారూ, నెత్తురు మరకలా తయారైంది. ఏం రంగు కలిపారు మీరు?" అంది. సబ్బులోనూ సున్నంలో ఉండేలాంటి క్షారమే ఉంటుందని నేను చెప్పబోతున్నాను. ఈలోగా వాడు ఆవిడ కొంగు లాగుతూ, "నిమ్మకాయ పిండమ్మా, మళ్లీ పసుపైపోతుంది" అన్నాడు. ఆవిడకు నవ్వాలో, కోప్పడాలో తెలియలేదు. చొక్కాను రెండు రోజులు ఎండలో ఆరవేయమన్నాను, మరక వెలిసిపోయింది. ఆ వారమే ఇంకో తల్లి తన పిల్లను మానిపించి, టై కట్టే బడిలో చేర్పించింది, అది వేరే సంగతి.

టై అంటే గుర్తొచ్చింది. మా మనవరాలిని ఎల్‌కేజీలో చేర్చడానికి తీసుకువెళితే ఇంటర్వ్యూ అన్నారు. మూడున్నరేళ్ల పిల్లకు ఇంటర్వ్యూ! పసుపు రంగు అట్టముక్క చూపించి ఇది ఏమిటంటే "పచ్చ" అంది. అడిగిన టీచరమ్మ తప్పు గీత పెట్టింది. అందులో తప్పేముంది? గుడ్డులో పచ్చసొన ఆకుపచ్చగా ఉంటుందా? పచ్చకామెర్లు, పచ్చగన్నేరు మాటేమిటి? పాత తెలుగులో పచ్చ అంటే పసుపు కూడా. పిల్ల వాళ్ల నాయనమ్మ దగ్గర, అంటే నా దగ్గరే, నేర్చుకున్న మాట అది. ఇంగ్లీషులో "ఎల్లో" అని ఉంటే చప్పట్లు కొట్టేవారు.

మీరు అడిగింది ఇంద్రధనుస్సు గురించి కదూ. దానికి వాన కోసం కాచుకోనక్కర్లేదు, పెరట్లో మొక్కలకు నీళ్లు పెట్టే పైపు చాలు. పొద్దున్న ఎనిమిది లోపు, లేకపోతే సాయంత్రం నాలుగున్నర దాటాక, సూర్యుడు వీపు వెనక ఉండేలా పాపను నిలబెట్టండి. పైపు మూతిని బొటనవేలితో నొక్కితే తుంపర లేస్తుంది. తన నీడ తల ఎటు ఉందో అటు చూడమనండి. ఆ తల చుట్టూ, సుమారు 42 డిగ్రీల ఎడంగా, విల్లు కనిపిస్తుంది. వెనక ముదురు రంగు గోడో చెట్టో ఉంటే ఇంకా బాగా తెలుస్తుంది. ఎరుపు బయటి అంచున, ఊదా లోపలి అంచున ఉంటాయి.

రంగులెన్ని అని అడగండి, కానీ ఏడు అని మీరు చెప్పకండి. నాలుగంటే నాలుగే. న్యూటన్ అంతటివాడు మొదట ఐదే లెక్కపెట్టి, సంగీత స్వరాలతో పొత్తు కుదరాలని తర్వాత ఏడు చేశాడు. 1840లో కిండర్‌గార్టెన్ అనే పేరు పెట్టిన ఫ్రోబెల్ పసిపిల్లల చేతికిచ్చిన ఉన్ని బంతులకు ఆరు రంగులే. మీ పాప మీద ఎందుకండీ ఏడు తెమ్మని ఒత్తిడి?

పక్కింటి పిల్లలనూ పిలవండి. ఎవరి కంటికి కనిపించే విల్లు వాళ్లదే కాబట్టి దాని కోసం పోట్లాడుకోరు. పైపు ఎవరు పట్టుకోవాలన్న తగవు మాత్రం మా వరండాలో ఆరేళ్లలో ఒక్కరోజు కూడా తీరలేదు.