బుడ్డోడి పరీక్షకి వెళ్లేముందు

అమలాపురం

అమ్మాయీ,

ఫోన్లో ఏడుస్తుంటే సగం మాటలే వినపడ్డాయి, అందుకే రాస్తున్నా. బుడ్డోడికి కాకినాడలో ఐక్యూ టెస్టు చేయించమన్నారు, అంతేగా? చేయించు. అయితే ముందు కళ్లూ చెవులూ చూపించు. బోర్డు కనపడక వెనకబడ్డ పిల్లల్ని ఎంతమందిని చూశానో! చెవి కారేవాడికి సగం మాటే అందుతుంది, మనమేమో పరధ్యానం అంటాం.

చేసేవారికి ఆర్‌సీఐ, అదే భారత పునరావాస మండలి, రిజిస్ట్రేషన్ ఉందో లేదో కనుక్కో. ఏ భాషలో అడుగుతారో కూడా. ఇంగ్లీషు మీడియం కదాని ఇంగ్లీషులో అడిగితే కొలిచేది వాడి ఇంగ్లీషుని. నాగపూర్‌లో మాలిన్ గారు 1969లో మన పిల్లల కోసం మలిచిన పరీక్ష ఒకటుంది, 6 నుంచి 15 ఏళ్ల వాళ్లకి. అందులో 11 భాగాలు. అంకెలు వెనకనుంచి చెప్పమంటారు, దిమ్మలు పేర్చమంటారు. యూట్యూబులో చూసి అల్లుడుగారు ముందే నేర్పించేస్తారేమో, వద్దని చెప్పు. అలా వచ్చిన అంకె వాడిది కాదు.

తెల్లవారుజాము బస్సులో వాడికి వాంతులు. ముందురోజే వెళ్లి పడుకోండి. జలుబు చేస్తే వాయిదా వేయించు. "సూదులుండవు, రానిది రాదని చెప్పొచ్చు" అని వాడితో అను, చాలు.

నోటుబుక్కులు తప్పకుండా పట్టుకెళ్లు. సంక్రాంతికి చూశాను, ఒకే పేజీలో 'మామిడి' ఒకచోట 'వావిడి', ఇంకోచోట 'మావిడి', కింద కొట్టేసి మళ్లీ 'వామిడి'. ఎర్రసిరా గీతలున్నాయని సిగ్గుపడి ఆ పేజీ చింపేవు సుమా.

బళ్లో పాఠాలు చెప్పే రోజుల్లో ఇలాంటి పుస్తకమే చూసి ఒకణ్ణి మొద్దు అన్నాను, వీపు మీద ఒకటి కూడా వేశాను. ఆదివారం వాళ్ల కొబ్బరితోటలో కాయల దింపు జరుగుతుంటే వెళ్లాను. వాడు రాశి పక్కన నిలబడి కాయలెన్నో, ఎంతకి పోతాయో నోటితోనే చెప్పేస్తున్నాడు. కాగితం మీద ఆ లెక్కే చేతకాలేదు. అప్పటికి ఇలాంటి పరీక్షలున్నాయని నాకు తెలీదు. తెలియకపోతే మాత్రం కొట్టాలా?

రిపోర్టులో మొత్తం అంకె ఒక్కటే చూసుకోకు. సగటు 100. మాటల భాగానికీ చేతల భాగానికీ బాగా తేడా ఉంటే ఎందుకో అడుగు. చదవడం, రాయడంలో ఇబ్బందిని ఐక్యూ ఒక్కటే పట్టుకోలేదు, దానికి వేరే పరీక్ష కావాలి. బెంగళూరులో మానసిక ఆరోగ్య ఆసుపత్రి నిమ్హాన్స్ వాళ్లది ఒకటుంది. ఎనిమిదేళ్లు నిండాక గానీ మామూలుగా అభ్యసన వైకల్యమని రాసివ్వరు. మనవాడికి మొన్ననేగా నిండాయి! ఒకవేళ అదే అని తేలితే బెంబేలెత్తకు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో అది ఉంది, సర్టిఫికెట్ ఉంటే పెద్ద పరీక్షల్లో అదనపు సమయం అడగొచ్చు.

రిపోర్టు కాపీ తీసుకుని దాచు. వాడి ముందు చదవకు. వాట్సాప్ గ్రూపులో అసలే పెట్టకు, ముఖ్యంగా మీ అత్తగారున్న దాంట్లో.

పెద్దమ్మ