ఏఐ వచ్చాక హెచ్ఆర్‌లో చోటుందా: మూడు నిమిషాల్లో వెళ్లిన ఒక రిజెక్షన్ మెయిల్ గురించి

ప్రశ్న: ఎంబీఏలో హెచ్ఆర్ తీసుకున్నాను, వచ్చే ఏడాది కోర్సు పూర్తవుతుంది. రెజ్యూమెలు ఏఐ చూస్తోంది, మొదటి రౌండ్ ఇంటర్వ్యూలు కూడా అదే చేస్తోంది అంటున్నారు. ఈ ఫీల్డులో నాకు చోటు ఉంటుందా? లేక ఇప్పుడే వేరే వైపు వెళ్లడం మంచిదా?

జవాబు:

పదహారేళ్లుగా రిక్రూట్‌మెంట్‌లోనే ఉన్నాను. మొదటి ఉద్యోగంలో నా పని ఏమిటంటే, రోజుకు రెండు వందల రెజ్యూమెలు చూసి ఓ ఇరవై పక్కన పెట్టడం. ఇప్పుడు నా టీమ్‌లో ఆ పనికి కొత్తగా ఎవరినీ తీసుకోవడం లేదు. అందుకని 'ఏమీ కాదు, ధైర్యంగా ఉండండి' అని మీకు చెప్పలేను. అలాగని ఈ ఫీల్డు వదిలేయమనీ చెప్పను. ఎందుకో అర్థం కావాలంటే ముందు ఒక ఫోన్ కాల్ సంగతి చెప్పాలి.

కొన్నేళ్ల కిందట, అప్పుడు పనిచేస్తున్న కంపెనీలో, రిసెప్షన్ వాళ్లు ఒక కాల్ నాకు కలిపారు. అవతల ఒకావిడ. గొంతులో కోపం లేదు. చాలా నెమ్మదిగా అడిగారు: "నిన్న రాత్రి 11:40కి మీ పేరోల్ పోస్టుకు అప్లై చేశానండీ. 11:43కి మెయిల్ వచ్చింది, మీ ప్రొఫైల్‌ను శ్రద్ధగా పరిశీలించాం, ఈసారికి అవకాశం ఇవ్వలేకపోతున్నాం అని. ఆ మూడు నిమిషాల్లో నా రెజ్యూమె ఎవరు చదివారో తెలుసుకుందామని చేశాను."

'శ్రద్ధగా పరిశీలించాం' అన్న మాట రాసింది నేనే. ఆ మెయిల్ టెంప్లేట్ నాదే. ఎవరు చదివారని ఆవిడ అడిగితే నా దగ్గర జవాబు లేదు. చూసి చెబుతానన్నాను.

సిస్టమ్ తెరిస్తే ఆవిడ పేరు పక్కన 'అనుభవం: 0 సంవత్సరాలు' అని ఉంది. రెజ్యూమె తెరిస్తే పదకొండేళ్ల పేరోల్ అనుభవం. తేడా ఎక్కడొచ్చిందో పట్టుకోవడానికి అరగంట పట్టింది. ఆవిడ రెజ్యూమెను రెండు కాలమ్‌లుగా చేసుకున్నారు. ఎడమ వైపు సంవత్సరాలు, కుడి వైపు కంపెనీ పేరు, హోదా. మనమైతే అడ్డంగా చదువుకుంటూ పోతాం. ఆ సాఫ్ట్‌వేర్ మాత్రం ఎడమ కాలమ్ మొత్తం పైనుంచి కిందికి చదివి, ఆ తర్వాత కుడి కాలమ్ చదివింది. సంవత్సరాలన్నీ ఒక కుప్ప, ఉద్యోగాలన్నీ ఇంకో కుప్ప. ఏ ఉద్యోగం ఎన్నాళ్లు చేశారో జత కుదరక సున్నా వేసేసింది. అయిదేళ్ల లోపు అనుభవం ఉంటే ఆటోమేటిక్‌గా రిజెక్ట్ చేయాలన్న కండిషన్ పెట్టిందీ నేనే.

అంతకు ముందు నాలుగు నెలల్లో ఇలా 'సున్నా' పడినవాళ్లందరినీ బయటికి తీశాను. 143 మంది. చాలామంది నిజంగానే ఫ్రెషర్లు. 31 మంది కాదు. రెండు సాయంత్రాలు కూర్చుని ఒక్కొక్కటీ చదివాను. కొందరికి ఫోన్ చేసి మళ్లీ పిలిచాం. ఆవిడకు చేసేసరికి వేరేచోట చేరిపోయారు. 'చూసి చెప్పారు, అది చాలు' అన్నారు. ఆ మాట మనసులోంచి ఇప్పటికీ పోలేదు.

నిజానికి అప్పటి సాఫ్ట్‌వేర్‌లో ఏఐ అని చెప్పుకోదగ్గది పెద్దగా లేదు. ఇప్పటి సిస్టమ్‌లు రెండు కాలమ్‌ల రెజ్యూమెను చాలావరకు సరిగ్గానే చదువుతున్నాయి. అయినా నాకు ఇప్పుడే భయం ఎక్కువ. అప్పటి తప్పు సున్నా రూపంలో కంటికి కనబడింది. ఇప్పుడు ఒక మనిషికి 62 అని స్కోరు వస్తుంది, దాని కింద చక్కటి భాషలో నాలుగు లైన్ల కారణం ఉంటుంది. తప్పైనా సరే చదవడానికి సబబుగానే ఉంటుంది. దాన్ని అనుమానించాలంటే రెజ్యూమె చదవడం తెలిసినవాళ్లు కావాలి.

ఇది నా ఒక్కదాని అనుభవం అనుకోకండి. అమెజాన్ 2014లో రెజ్యూమెలకు ఒకటి నుంచి అయిదు వరకు స్టార్లు ఇచ్చే టూల్ ఒకటి తయారుచేయడం మొదలుపెట్టింది. అంతకు ముందు పదేళ్లలో తమకు వచ్చిన రెజ్యూమెలతోనే దానికి నేర్పించారు. వాటిలో ఎక్కువ మగవాళ్లవి. దాంతో 'మహిళల' అన్న పదం కనబడితే, ఉదాహరణకు మహిళల చెస్ క్లబ్ కెప్టెన్ అని ఉంటే, మార్కులు తగ్గించడం నేర్చుకుంది. సరిచేయాలని చూసి, నమ్మకం కుదరక చివరికి ఆ ప్రాజెక్టును వదిలేశారు. 2018లో రాయిటర్స్ బయటపెట్టింది. ఆడవాళ్లను తీసేయమని దానికి ఎవరూ చెప్పలేదు. పాత నిర్ణయాలు చూసి అదే పద్ధతి అనుకుంది.

ఇంకో కేసు ఇంకా సూటిగా ఉంటుంది. ఐట్యూటర్‌గ్రూప్ అనే ఆన్‌లైన్ ట్యూషన్ కంపెనీ సాఫ్ట్‌వేర్ 55 ఏళ్లు, ఆపైన ఉన్న ఆడవాళ్లను, 60 ఏళ్లు, ఆపైన ఉన్న మగవాళ్లను తనంతట తానే తిరస్కరించిందని, ఉద్యోగాల్లో వివక్షను చూసే అమెరికా ప్రభుత్వ సంస్థ ఈఈఓసీ కేసు పెట్టింది. 2023లో కంపెనీ తప్పు ఒప్పుకోకుండానే 3,65,000 డాలర్లు కట్టడానికి రాజీపడింది. అది ఎలా బయటపడిందో చూడండి. ఒకావిడ తిరస్కరణ వచ్చాక అదే అప్లికేషన్‌ను, పుట్టిన తేదీ ఒక్కటి మార్చి, మళ్లీ పంపారు. ఈసారి ఇంటర్వ్యూకు పిలుపు వచ్చింది. లోపల ఉన్న హెచ్ఆర్ వాళ్లు పట్టుకోవాల్సినదాన్ని బయట ఉన్న ఒక అభ్యర్థి పట్టుకున్నారు. ఈ కేసు చదివిన ప్రతిసారీ నాకు ఆ 11:43 మెయిలే గుర్తొస్తుంది.

ఇక మీ ప్రశ్నకు వస్తాను. హెచ్ఆర్‌లో పోయే పనులు పోతున్నాయి. ఇంటర్వ్యూ టైములు కుదర్చడం, జాబ్ డిస్క్రిప్షన్ మొదటి డ్రాఫ్టు, ఆఫర్ లెటర్లు, లీవ్ బ్యాలెన్స్ ఎంత, పే స్లిప్ ఎక్కడ దొరుకుతుంది లాంటి ప్రశ్నలు. తన హెచ్ఆర్‌లో రెండు వందల మంది వరకు చేసే పనిని ఇప్పుడు ఏఐ చేస్తోందని ఐబీఎం సీఈఓ అరవింద్ కృష్ణ 2025లో చెప్పారు. మిగిలిన డబ్బుతో ప్రోగ్రామర్లను, సేల్స్ వాళ్లను ఎక్కువ తీసుకున్నామని, మొత్తం ఉద్యోగుల సంఖ్య పెరిగిందని కూడా చెప్పారు. కంపెనీ లెక్కలో అది నిజమే కావచ్చు. కానీ పోయిన సీటులో కూర్చున్న మనిషి, వచ్చిన సీటులో కూర్చున్న మనిషి ఒకరు కాదు. ఈ లెక్కలు చదివేటప్పుడు మీలాంటివాళ్లు అది గమనించుకోవాలి.

ఉద్యోగుల ఇలాంటి ప్రశ్నలకు జవాబిచ్చే చాట్‌బాట్‌లు మంచివే, అందులో అబద్ధం లేదు. నైట్ షిఫ్టులో ఉన్నవాళ్లకు ఒకప్పుడు పే స్లిప్ కావాలంటే మర్నాడు పదింటి దాకా ఆగాల్సి వచ్చేది. ఇప్పుడు అర్ధరాత్రి రెండింటికి కూడా దొరుకుతుంది. అయితే మా హెల్ప్‌డెస్క్ చాట్‌లో ఒకసారి ఒక మెసేజ్ చూశాను. 'మా నాన్నగారు పోయారు. ఎన్ని రోజులు సెలవు ఉంటుంది?' బాట్ జవాబు: రోజుల సంఖ్య, అప్లై చేయాల్సిన లింకు, జతచేయాల్సిన పత్రాల పట్టిక. తప్పేం కాదు, అన్నీ సరైనవే. ఇదివరకు ఆ డెస్కులో ఉన్న ఆయనైతే 'మీరు బయలుదేరండి, కాగితాలు వచ్చాక చూసుకుందాం' అనేవారు, ఫోన్ పెట్టేసి మేనేజర్‌కు తనే చెప్పేవారు. ఆ మెసేజ్ చూశాక చావు, అనారోగ్యం, వేధింపు, రాజీనామా అన్న మాటలు వస్తే వెంటనే మనిషికి కలపాలని సెట్టింగ్ మార్చాం. ఈ చిన్న మార్పు కోసం మూడు మీటింగులు పెట్టాల్సి వచ్చింది.

నన్ను అన్నిటికన్నా ఎక్కువ బాధపెట్టేది మీలాంటివాళ్లు లోపలికి అడుగుపెట్టే మొదటి మెట్టు. ఎరిక్ బ్రిన్యోల్ఫ్‌సన్ అనే ఆర్థికవేత్త, మరో ఇద్దరు కలిసి అయిదు వేలకు పైగా కస్టమర్ సపోర్ట్ ఉద్యోగుల పనిని పరిశీలించి 2023లో ఒక అధ్యయనం వెలువరించారు. ఏఐ సాయంతో వాళ్లు గంటకు పరిష్కరించే సమస్యలు సగటున 14 శాతం పెరిగాయి. కొత్తవాళ్లకైతే 34 శాతం. అనుభవజ్ఞుల పద్ధతులు కొత్తవాళ్లకు తొందరగా అందాయి కాబట్టి ఎక్కువ లాభం వాళ్లకే. ఇది చదివి ఎంత సంతోషించానో. తర్వాత 2025లో ఆయనే ఇంకొందరితో కలిసి అమెరికా పేరోల్ రికార్డులు చూస్తే, ఏఐ ప్రభావం బాగా ఉన్న ఉద్యోగాల్లో 22 నుంచి 25 ఏళ్ల వాళ్ల ఉద్యోగాలు మిగతావాటితో పోలిస్తే 13 శాతం తగ్గినట్టు తేలింది. అంటే కొత్తవాళ్లకు బాగా పనికొచ్చే పనిముట్టు వచ్చింది, కొత్తవాళ్లను తీసుకోవడం తగ్గింది.

నాకు రెజ్యూమె చదవడం వచ్చింది రోజుకు రెండు వందలు చూడబట్టే. ఏ హోదా పేరు వెనక అసలు ఏ పని ఉంటుందో, మధ్యలో ఏడాది ఖాళీ ఉంటే ఏం అడగాలో, ఏం అడగకూడదో అలా తెలిసింది. మెషీన్ తప్పును పట్టుకునే కన్ను కూడా ఆ విసుగు పనిలోంచే వచ్చింది. ఆ పని మీకు ఇవ్వకుండా ఆ కన్ను మాత్రం మీకు ఉండాలని కంపెనీలు ఆశిస్తున్నాయి. ఇది అన్యాయం. మా కంపెనీలోనూ ఈ మాట చెబుతున్నాను, ఇక్కడా చెబుతున్నాను.

అందుకే నా సలహా ఒక్కటే: ఆ కన్ను మీరే సంపాదించుకోండి. ఇంటర్న్‌షిప్ దొరికితే షార్ట్‌లిస్ట్ అయినవాళ్ల ఫైలు కాదు, రిజెక్ట్ అయినవాళ్ల ఫైలు చూపించమని అడగండి. సిస్టమ్ స్కోరు చూడకముందే మీ స్కోరు ఒక కాగితం మీద రాసుకోండి, తర్వాత పోల్చండి. తేడా వచ్చిన ప్రతిచోటా ఎవరిది తప్పో తేల్చుకోండి. చాలాసార్లు మీదే ఉంటుంది, ఫరవాలేదు, అలాగే నేర్చుకుంటాం. ఎక్సెల్ బాగా రావాలి. ఒక గుంపులో ఎంతమంది ఎంపికయ్యారు, ఇంకో గుంపులో ఎంతమంది అన్న నిష్పత్తి లెక్క నిద్రలో లేపినా చేయగలగాలి. అమెరికాలో 1978 నుంచీ అయిదింట నాలుగు వంతుల సూత్రం అని ఒకటుంది. ఒక గుంపు ఎంపిక రేటు, అన్నిటికన్నా ఎక్కువ రేటున్న గుంపుదాంట్లో 80 శాతం కన్నా తక్కువైతే అనుమానించాలి. లెక్క చిన్నదే. ఎన్ని టీమ్‌లలో ఒక్కసారి కూడా వేసి చూడరో తెలిస్తే ఆశ్చర్యపోతారు.

ఈ పనికి ఇప్పుడు చట్టాలు కూడా తోడొస్తున్నాయి. న్యూయార్క్ నగరంలో 2023 జులై నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం, ఎంపికలో ఇలాంటి టూల్ వాడాలంటే దానిపై ఏడాది లోపు బయటివాళ్లతో బయాస్ ఆడిట్, అంటే పక్షపాతం ఉందేమో చూసే తనిఖీ, జరిగి ఉండాలి, అభ్యర్థికి ముందే చెప్పాలి. 2024లో అమల్లోకి వచ్చిన యూరోపియన్ యూనియన్ ఏఐ చట్టం ఉద్యోగాల ఎంపికలో వాడే ఏఐని హై రిస్క్ జాబితాలో పెట్టింది, మనిషి పర్యవేక్షణ ఉండాలంది. పనిచేసేచోట ముఖం చూసో గొంతు వినో భావాలు అంచనా వేసే ఏఐని 2025 ఫిబ్రవరి నుంచి, వైద్య, భద్రతా అవసరాలకు తప్ప, నిషేధించింది కూడా. చట్టం కాగితం మీద ఉంటే చాలదు, రోజూ ఆ ఫైళ్లు తెరిచి చూసే మనిషి ఉండాలి. మీ చోటు అక్కడ ఉందని నేను నమ్ముతున్నాను. సీట్లు మునుపటి కంటే తక్కువే ఉంటాయి, అదీ దాచను.

ఇంటర్వ్యూలో 'మీరేమైనా అడగాలా?' అంటారు కదా. అప్పుడు ఇది అడగండి: "మీ సిస్టమ్ రిజెక్ట్ చేసినవాళ్లను ఎవరైనా మళ్లీ చూస్తారా?" జవాబు ఎలా ఉన్నా ఆ కంపెనీ గురించి మీకు చాలా తెలుస్తుంది.

మా దగ్గర శుక్రవారం మధ్యాహ్నాలు చూస్తాం. రిజెక్ట్ అయినవాటిలోంచి ఏరకుండా పాతిక రెజ్యూమెలు తీసి, నేనూ మా టీమ్‌లోని ఒక జూనియరూ చెరి సగం చదువుతాం. మొన్నటి శుక్రవారం ఆ అమ్మాయి ఒకటి తెచ్చి నా ముందు పెట్టింది. మేం వెతుకుతున్నది ఇన్వెంటరీ మేనేజర్ కోసం. ఆయన తన హోదాను 'స్టోర్ ఇన్‌చార్జ్' అని రాసుకున్నారు, స్కోరు 38. కింద చిన్న అక్షరాల్లో తొమ్మిదేళ్లు చేసిన పని రాసి ఉంది, అదంతా మాకు కావాల్సిన పనే. మంగళవారం ఇంటర్వ్యూకు పిలిచాం. రిజెక్షన్ మెయిల్ టెంప్లేట్‌లో 'శ్రద్ధగా పరిశీలించాం' అన్న లైను ఇప్పుడు లేదు. మళ్లీ చూడమని అడగడానికి ఒక మనిషి పేరు, ఫోన్ నంబరు ఉన్నాయి.