కూడలిలో సైకిలుకు దారి ఎవరివ్వాలి?

ప్రశ్న: మా నాన్నగారు దర్జీ. ఏళ్ల తరబడి సైకిలు మీదే కడప ఏడు రోడ్ల కూడలి దాటి కొట్టుకు వెళ్తున్నారు. మొన్న ఆయన నేరుగా పోతుండగా, వెనకనుంచి వచ్చిన ఆటో ముందుకు దూసుకొచ్చి ఎడమకు తిరగడంతో కింద పడి మోచెయ్యి చెక్కుకుపోయింది. పైగా, "సైకిలు పక్కన పోవల్ల గదా, నడిమధ్యన ఏం పని?" అని ఆటో అతను గద్దించాడట. తప్పెవరిది? నాన్నగారు సైకిలు మానేయాలా?
– ఒక పాఠకురాలు, కడప

జవాబు: మానేయనక్కరలేదమ్మా. మీరు రాసినదాన్ని బట్టి తప్పు ఆటో నడిపిన వ్యక్తిదే. ఎడమకు తిరగవలసిన వాహనం ముందున్న సైకిలును పోనిచ్చి, దాని వెనకనే నెమ్మదిగా తిరగాలి. సిగ్నల్ గానీ, పోలీసు గానీ లేని కూడలిలో, ప్రధాన రహదారి ఏదో బోర్డు పెట్టి చూపని చోట, కుడివైపు నుంచి వచ్చేవారికి దారివ్వాలని మన రహదారి నిబంధనలు చెబుతున్నాయి. వచ్చేది సైకిలైతే ఆగనక్కరలేదన్న మినహాయింపు వాటిలో ఎక్కడా లేదు.

అయితే ఇలాంటి కూడళ్లలో చిక్కంతా మనుషుల దురుసుతనంలోనే లేదు. మామూలు నాలుగు రోడ్ల కూడలిలోనే వాహనాల దారులు ఒకదానికొకటి తగిలే చోట్లు 32 ఉంటాయని ట్రాఫిక్ ఇంజనీర్ల లెక్క. ఏడు రోడ్లు కలిసేచోట అవి ఇంకెన్ని రెట్లవుతాయో ఊహించవచ్చు. పైగా అన్ని రోడ్లు కలిసినప్పుడు కొన్ని ఏటవాలుగా వచ్చి చేరక తప్పదు కనుక, 'నేరుగా' ఏదో 'ఎడమ' ఏదో తేలదు. కొద్దిగా వంగితే చాలు పక్క రోడ్డులోకి వెళ్లిపోవచ్చు కాబట్టి బండి వేగం తగ్గించరు, ఇండికేటరూ వేయరు. పక్కనున్న సైకిలు మనిషికి ఆ బండి ఏ దారి పడుతుందో తెలిసేసరికి అది ముందు చక్రానికి అడ్డం వచ్చేసి ఉంటుంది.

అందుచేత నాన్నగారు కూడలికి కొంచెం ముందే వెనక్కి చూసి, చెయ్యి చూపి, రోడ్డు అంచు వదిలి కాస్త లోపలికి రావాలి. అంచున అంటిపెట్టుకుని పోతే భద్రమనుకుంటాం గానీ, ఎడమకు తిరిగే బండ్లు ఇరికించేది సరిగ్గా అక్కడే. బస్సు, లారీ ఆగి ఉన్నప్పుడు వాటి ఎడమ పక్కకు మాత్రం ఎన్నడూ చేరవద్దు. అంత దగ్గరగా ఉన్న సైకిలు డ్రైవరుకు అద్దంలో సైతం కనిపించకపోవచ్చు. రద్దీ మరీ ఎక్కువగా ఉంటే దిగి నడిపించుకుంటూ దాటడంలో చిన్నతనమేమీ లేదు.

గాయం పెద్దదై పరిహారం కోరవలసి వస్తే, ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్లో దరఖాస్తు చేయాలి.

మీ వీధివారంతా కలిసి చేయదగిన పని ఇంకొకటుంది. రోడ్డును ప్రమాణాల ప్రకారం కట్టకపోవడం, నిర్వహించకపోవడం వల్ల ప్రాణం పోయినా, అంగవైకల్యం కలిగినా బాధ్యులకు లక్ష రూపాయల దాకా జరిమానా విధించే 198-ఎ సెక్షన్‌ను 2019లో మోటారు వాహనాల చట్టంలో చేర్చారు. అంతదాకా రాకముందే గీతలు చెరిగిపోయిన చోటు, బోర్డు లేని చోటు ఫొటోలు తీసి సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇవ్వండి. జిల్లా రహదారి భద్రతా కమిటీకి అధ్యక్షులు కలెక్టరే.

ప్రశ్న: నేను అనంతపురంలో ఆటో నడుపుతాను. సైకిళ్లవాళ్లు రాంగ్ రూట్‌లో ఎదురొస్తారు. గుద్దుకుంటే నింద మాపైనే. మేమేం చేయాలి?
– ఒక ఆటో డ్రైవరు

జవాబు: మీ బాధ న్యాయమైనదే. పక్క సందులోంచి పెద్ద రోడ్డెక్కి ఎడమకు తిరిగే డ్రైవరు చూపు సహజంగా కుడివైపే ఉంటుంది. ఎదురొచ్చే సైకిలు ఎడమ నుంచి వస్తుంది. చుట్టు తిరగడం ఎందుకని అలా వచ్చేవారు ప్రాణం మీదికి తెచ్చుకుంటున్నారు, వారు మానుకోవలసిందే. వారు మానేవరకు మీరు సందు మొదట్లో పూర్తిగా ఆగి, ఎడమకు కూడా ఒకసారి చూసి కదలండి. మలుపు తిరిగే ముందు ఎడమ అద్దంలోకి చూడడం, హారన్ బదులు బ్రేకు మీద కాలుంచడం అలవాటు చేసుకోండి.