ముత్యాల గర్భం: తీసేసిన తర్వాతి లెక్క

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో అయిదు ఒకే జబ్బు గురించి ఉన్నాయి. అదే ముత్యాల గర్భం, డాక్టర్ల భాషలో మోల్. సుమారు వెయ్యి గర్భాల్లో ఒకదానికి వచ్చే జబ్బు కాబట్టి ఇరుగుపొరుగుల దగ్గర సమాచారం దొరకదు. అందుకే ఈసారి శీర్షిక మొత్తం దానికే.

ప్రశ్న: నాకు 24 ఏళ్లు. మూడో నెలలో బ్లీడింగ్ అయితే స్కానింగ్ చేసి ముత్యాల గర్భం అన్నారు. సక్షన్ చేసి తీసేశారు. ఇప్పుడు వారం వారం రక్తపరీక్షకు రమ్మంటున్నారు. మూడుసార్లు చేయించాం, ప్రతిసారీ తగ్గుతూనే ఉంది. "కడిగేశారు కదా, ఇంకా ఎందుకమ్మా ఈ ఖర్చు" అంటున్నారు మా అత్తగారు. ఆపేయవచ్చా? — ఒక పాఠకురాలు, నంద్యాల

జవాబు: ఆపకండి. మీ అత్తగారు అడిగినదాంట్లో తప్పేమీ లేదు. మామూలు గర్భస్రావమైతే కడిగేయడంతో కథ అయిపోయేది. ఇది అలాంటిది కాదు.

కంప్లీట్ మోల్ అనే రకంలో అండంలో తల్లి క్రోమోజోములు ఉండవు. సాధారణంగా వీర్యకణం తెచ్చిన 23 క్రోమోజోములే రెట్టింపై 46 అవుతాయి. అన్నీ తండ్రివేనని 1977లో జపాన్ పరిశోధకులు కాజీ, ఒహామా తేల్చారు. తల్లి వైపు జన్యువుల కట్టడి లేకపోవడంతో బిడ్డ తయారవదు, మాయ మాత్రం అడ్డూ అదుపూ లేకుండా పెరుగుతుంది. మాయ వేళ్లు నీరుపట్టి ఉడికిన సగ్గుబియ్యంలా ఉబ్బుతాయి. పార్షియల్ మోల్‌లో సాధారణంగా ఒకే అండంలోకి రెండు వీర్యకణాలు చేరి 69 క్రోమోజోములు అవుతాయి. మీది ఏ రకమో బయాప్సీ రిపోర్టులో రాసి ఉంటుంది. పీ57 అనే రంగుపరీక్ష చేస్తే ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. ఆ కాగితం జాగ్రత్త చేయండి, ఎన్ని నెలలు పరీక్షలన్నది దాన్నిబట్టే ఉంటుంది.

సక్షన్‌తో గర్భాశయం లోపలున్నది వచ్చేస్తుంది. కండరంలోకి చొచ్చుకుపోయిన కణాలు రావు. కంప్లీట్ మోల్ అయినవారిలో సుమారు 15 శాతం మందిలో, పార్షియల్ అయితే 1 నుంచి 5 శాతం మందిలో ఆ కణాలు మళ్లీ పెరుగుతాయి. స్కానింగ్‌లో కనిపించకముందే వాటిని పట్టించేది మీరు వారం వారం చేయించే రక్తపరీక్ష, అంటే బీటా హెచ్‌సీజీ అనే హార్మోను లెక్క. ఎందుకంటే ఆ హార్మోనును తయారుచేసేవే ఆ కణాలు.

ఒక చిన్న నోటుపుస్తకం పెట్టుకోండి. తేదీ, ల్యాబు, అంకె, అంతే. ప్రతిసారీ ఒకే ల్యాబులో చేయించండి. ల్యాబు మారితే కిట్టు మారుతుంది, కిట్టు మారితే అంకె మారుతుంది, ఇంట్లో అనవసరంగా కంగారు. జుట్టు కోసం బయోటిన్ మాత్రలు వేసుకుంటుంటే డాక్టరుకు చెప్పి పరీక్షకు రెండు మూడు రోజుల ముందు ఆపండి. కొన్ని కిట్లలో అవి అంకెను దొంగతనంగా తగ్గించి చూపిస్తాయి.

సాధారణ స్థాయికి, అంటే చాలా ల్యాబుల్లో మిల్లీలీటరుకు 5 మిల్లీ యూనిట్ల లోపుకు వచ్చేదాకా వారానికో రెండు వారాలకో ఒకసారి చేయించాలి. ఆ తర్వాత కంప్లీట్ మోల్ అయితే నెలకొకటి చొప్పున మూడు నెలలు, పార్షియల్ అయితే నెల తర్వాత ఒక్కసారి. ఇది అంతర్జాతీయ ప్రసూతి వైద్యుల సమాఖ్య ఫిగో ఇప్పుడు చెబుతున్న లెక్క. పాత పద్ధతిలో ఆరు నెలలు చేయించే డాక్టర్లూ ఉన్నారు, అదీ తప్పు కాదు. గడువు ఎందుకు తగ్గిందంటే, బ్రిటన్‌లో 1973 నుంచి ఈ జబ్బు వచ్చిన వారందరినీ లండన్, షెఫీల్డ్, డండీల్లోని మూడు కేంద్రాల్లో నమోదు చేసి, ఇలాంటి అంకెలనే దశాబ్దాల పాటు రాసిపెట్టుకున్నారు. ఒకసారి సాధారణ స్థాయికి వచ్చాక జబ్బు తిరగబెట్టింది కంప్లీట్ మోల్‌లో సుమారు 400 మందిలో ఒకరికి, పార్షియల్‌లో 3000 మందిలో ఒకరికి మాత్రమేనని వాటినుంచే తేలింది.

అయితే ఈ ధైర్యం సాధారణ స్థాయికి చేరినవారికే. మీరింకా చేరలేదు. మధ్యలో మానేస్తే ఆ దారిలో ఎక్కడున్నారో ఎవరికీ తెలియదు.

పరీక్షలు పూర్తయ్యేదాకా గర్భం రాకూడదు. గర్భం వచ్చినా ఇదే హార్మోను పెరుగుతుంది కాబట్టి ఏది ఏదో తేల్చుకోలేం. గర్భనిరోధక మాత్రలు వాడవచ్చు, నిరోధ్ సరే. కాపర్ టీ మాత్రం హెచ్‌సీజీ సాధారణమయ్యేదాకా వద్దు, గర్భాశయానికి రంధ్రం పడే ప్రమాదం, రక్తస్రావం ఉంటాయి. మీ బ్లడ్ గ్రూపు నెగెటివ్ అయితే యాంటీ డీ ఇంజెక్షన్ ఇచ్చారో లేదో డిశ్చార్జి కాగితంలో చూడండి. బ్లీడింగ్ ఎక్కువైనా, ఆయాసం వచ్చినా, దగ్గితే రక్తం పడినా వచ్చే వారం పరీక్షదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి.

ప్రశ్న: ఇంట్లో ప్రెగ్నెన్సీ కిట్‌తో చూసుకుంటే సరిపోదా? నెగెటివ్ వస్తోంది. — ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: సరిపోదు. చాలా స్ట్రిప్పులు 25 యూనిట్ల కన్నా తక్కువను పట్టవు. మీకు కావాల్సింది 5 లోపు. అదీగాక తగ్గుతోందా, నిలిచిపోయిందా అన్నది గీత చెప్పదు.

ప్రశ్న: నా భార్యకు ముత్యాల గర్భం తీసేసి రెండు నెలలైంది. హెచ్‌సీజీ మొదట బాగా తగ్గింది, నాలుగు వారాలుగా 900 దగ్గరే ఉంది. క్యాన్సర్ ఇంజెక్షన్లు మొదలుపెడతామన్నారు. నేను దుబాయ్‌లో ఉన్నాను. ఇది క్యాన్సరేనా? మళ్లీ ఒకసారి కడిగిస్తే పోదా? — ఒక పాఠకుడు, జగిత్యాల జిల్లా

జవాబు: మూడు వారాల వ్యవధిలో, అంటే 1, 7, 14, 21వ రోజుల్లో తీసిన నాలుగు అంకెలూ పదిశాతం అటూఇటూగా ఒకేచోట ఉంటే, లేదా రెండు వారాల్లో వరుసగా మూడు అంకెలు పదిశాతానికి మించి పెరుగుతూ పోతే మందు మొదలుపెట్టాలి. మీ ఇంట్లో జరిగింది మొదటిది. పేరుకు ఇది కణితి జబ్బుల కోవలోనిదే. కానీ మందుతో ఇంత కచ్చితంగా నయమయ్యే కణితులు అరుదు. తక్కువ ప్రమాదం ఉన్న కోవలో దాదాపు అందరూ కోలుకుంటారు. రెండోసారి కడగడం కొందరికి పనికొస్తుంది. కానీ ఈ దశలో గర్భాశయం మెత్తగా ఉండి రంధ్రం పడవచ్చు కాబట్టి ఆ నిర్ణయం అనుభవమున్న కేంద్రమే తీసుకోవాలి.

మందు ముందు స్కోరు వేస్తారు. వయసు, ముందటి గర్భం ఏ రకం, అప్పటినుంచి ఎన్ని నెలలు, హెచ్‌సీజీ ఎంత, గడ్డ పరిమాణం, ఎక్కడికి పాకింది, పాకిన మచ్చలు ఎన్ని, ఇంతకుముందు మందు వాడారా అన్న ఎనిమిది అంశాలకు మార్కులు. మొత్తం 6 దాటకపోతే తక్కువ ప్రమాదం. మీరు అడగాల్సిన మొదటి ప్రశ్న "స్కోరు ఎంత?" అన్నదే. 5 లేదా 6 ఉన్నవారిలో మొదటి మందు చాలకపోవడం ఎక్కువ. అప్పుడు మరో మందు కలుస్తుంది తప్ప ఆశ పోదు.

మామూలుగా మొదలుపెట్టేది మెథోట్రెక్సేట్. ఎక్కువగా వాడే పద్ధతిలో 1, 3, 5, 7 రోజుల్లో 50 మిల్లీగ్రాముల ఇంజెక్షన్ కండరానికి ఇస్తారు, 2, 4, 6, 8 రోజుల్లో 15 మిల్లీగ్రాముల ఫోలినిక్ యాసిడ్ మాత్ర వేస్తారు. మొదటి రోజు నుంచి రెండు వారాలకు మళ్లీ మొదలు. ఎక్కువ పొరపాట్లు ఇక్కడే జరుగుతాయి. ఫోలినిక్ యాసిడ్ అంటే లూకోవోరిన్, మందుల షాపులో అడగగానే ఇచ్చే ఫోలిక్ యాసిడ్ కాదు. ఫోలిక్ యాసిడ్ ఉన్న బలం మాత్రలు ఈ రోజుల్లో వేసుకుంటే మందు పనికి అడ్డం పడవచ్చు. గర్భంతో ఉన్నప్పుడు ఇచ్చినవి ఇంట్లో మిగిలి ఉంటే పక్కన పెట్టమనండి. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటి నొప్పి మాత్రలు డాక్టరును అడగకుండా వద్దు, మెథోట్రెక్సేట్ కిడ్నీల ద్వారా బయటికి పోవడాన్ని అవి తగ్గిస్తాయి. నీళ్లు బాగా తాగాలి. నోట్లో పుండ్లు, జ్వరం, కళ్ల మంట, ఊపిరి తీసుకుంటే ఛాతీనొప్పి వస్తే ఆ రోజే చెప్పాలి. ప్రతి విడతకు ముందు రక్తకణాలు, కాలేయం, కిడ్నీ పరీక్షలు తప్పవు. జుట్టు రాలడం ఈ మందుతో అరుదు.

హెచ్‌సీజీ సాధారణమైన రోజే మందు ఆపరు. మరో మూడు విడతలు, అంటే ఆరు వారాలు ఇస్తారు. దీని వెనక ఒక చరిత్ర ఉంది. 1956లో అమెరికాలోని జాతీయ క్యాన్సర్ సంస్థలో మిన్ చియు లీ, రాయ్ హెర్ట్జ్ ఇదే కోవకు చెందిన కోరియోకార్సినోమాను మెథోట్రెక్సేట్‌తో మాయం చేశారు. గడ్డలు కనిపించకపోయినా హార్మోను పూర్తిగా తగ్గేదాకా మందు ఆపకూడదని లీ పట్టుబట్టాడు. అనవసరంగా విషం ఎక్కిస్తున్నాడని ఆయన ఉద్యోగం పోయింది. మందు ముందుగా ఆపినవారిలో జబ్బు తిరగబెట్టింది, లీ రోగుల్లో తిరగబెట్టలేదు. 1972లో వైద్య పరిశోధనకు ఇచ్చే లాస్కర్ అవార్డు అందుకున్నవారిలో లీ కూడా ఉన్నాడు.

మందు పూర్తయ్యాక ఏడాదిపాటు గర్భం వద్దు. ఆ తర్వాత బిడ్డలు పుట్టడానికి ఇబ్బంది ఉండదు. మళ్లీ నెల తప్పితే ఆరో వారం తర్వాత త్వరగా స్కానింగ్, కాన్పయ్యాక ఆరు వారాలకు ఒక హెచ్‌సీజీ చేయించాలి.

ప్రశ్న: మాది మేనరికం. నాకు రెండుసార్లు ముత్యాల గర్భమే వచ్చింది. మా అక్కకూ ఒకసారి వచ్చింది. ఐవీఎఫ్ చేయించుకోమంటున్నారు. — ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: ఐవీఎఫ్‌కు ముందు జన్యుపరీక్ష చేయించండి. ఒకసారి వచ్చినవారికి మళ్లీ వచ్చే అవకాశం నూటికి ఒకటే, రెండుసార్లు వచ్చినవారికి అది బాగా పెరుగుతుంది. కుటుంబంలో ఇద్దరు స్త్రీలు, పైగా మేనరికం అంటే ఎన్‌ఎల్‌ఆర్‌పీ7 అనే జన్యువును చూడాలి. దాని పాత్ర 2006లో బయటపడింది. తల్లిదండ్రులిద్దరి నుంచీ లోపమున్న ప్రతి వస్తేనే జబ్బు, మేనరికంలో అందుకు అవకాశం ఎక్కువ. ఈ రకంలో గర్భంలో మీ క్రోమోజోములూ ఉంటాయి, లోపం అండం సిద్ధమయ్యే తీరులో. అందుకే మీ అండంతోనే ఐవీఎఫ్ చేస్తే డబ్బు పోవడమే మిగలవచ్చు. జన్యులోపం ఉన్నట్టు తేలితే దాత అండంతో ఆరోగ్యంగా బిడ్డలు పుట్టిన దాఖలాలున్నాయి. ఇది మీ భర్త లోపం కాదు, మీరు చేసిన తప్పూ కాదు. అక్కనూ పరీక్షకు తీసుకువెళ్లండి.

ప్రశ్న: మెథోట్రెక్సేట్ పనిచేయలేదు. ఒక పెద్దాసుపత్రిలో ట్రయల్‌లో చేరతారా అని అడిగారు. మామీద ప్రయోగాలు చేస్తారని ఇంట్లో భయం. — ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: అరుదైన జబ్బులో పెద్ద ట్రయల్స్ నడపడం ఎంత కష్టమో చూడండి. 2011లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనంలో మొదటి మందుగా వారానికోసారి ఇచ్చిన మెథోట్రెక్సేట్‌తో 53 శాతం మందికి, రెండు వారాలకోసారి ఇచ్చిన యాక్టినోమైసిన్ డీ అనే మరో మందుతో 70 శాతం మందికి పూర్తిగా తగ్గింది. యాక్టినోమైసిన్ డీని ఎక్కువ రోజుల మెథోట్రెక్సేట్‌తో పోల్చడానికి మొదలుపెట్టిన తర్వాతి ట్రయల్ మాత్రం తగినంతమంది చేరక 57 మంది దగ్గరే ఆగిపోయింది. ఇమ్యూనోథెరపీ, అంటే శరీర రక్షణశక్తిని జబ్బు మీదకు ఉసిగొలిపే మందు అవెలుమాబ్‌ను ఫ్రాన్స్‌లో పరీక్షించినప్పుడు ఒక మందుకు లొంగని 15 మందిలో 8 మందికి హెచ్‌సీజీ సాధారణమైంది. 15 మందితోనే ఆ ప్రశ్న అడగాల్సి వచ్చింది. మొదటి రెండు ట్రయల్స్ అప్పుడే మందు మొదలుపెట్టేవారి గురించి, అవెలుమాబ్‌ది మాత్రం మొదటి మందు చాలనివారి గురించి. మీలాంటివారికి యాక్టినోమైసిన్ డీ, ఆ పైన కలగలుపు మందులు ఎలాగూ ఉన్నాయి.

చేరాలా వద్దా అన్నది మీ ఇష్టం, చేరకపోయినా మామూలు వైద్యం ఆగకూడదు. సంతకం ముందు క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ, సీటీఆర్‌ఐ నంబరు అడగండి. ఆ వెబ్‌సైటులో నంబరు కొడితే ట్రయల్ వివరాలు వస్తాయి. రాకపోతే సంతకం వద్దు. సమ్మతి పత్రం తెలుగులో ఇవ్వమనండి, ఒక ప్రతి ఇంటికి తెచ్చుకోండి. మీకు ఇచ్చే మందు ఏది, ఏ మందుతో పోలుస్తున్నారు, హెచ్‌సీజీ తగ్గకపోతే ఎన్ని వారాలకు మారుస్తారు అన్న మూడూ అందులో ఉండాలి. మూడోది లేకపోతే గట్టిగా అడగండి. ట్రయల్ వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, నష్టపరిహారం 2019 నిబంధనల్లో ఉన్నాయి. మధ్యలో ఎప్పుడైనా తప్పుకోవచ్చు, కారణం చెప్పనక్కర్లేదు. హెచ్‌సీజీ నోటుపుస్తకం మాత్రం అప్పుడూ కొనసాగించండి.