వీపు మచ్చ సరే, అరికాలి మచ్చ సంగతేమిటి?

ప్రశ్న: నా వయసు 34. బెంగళూరు మారతహళ్లిలో ఉంటాను, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. వీపు మీద చిన్నప్పటి నుంచీ ఉన్న పుట్టుమచ్చను ఫోటో తీసి ఫోను యాప్‌లో పెడితే ‘ప్రమాదం ఎక్కువ’ అని వచ్చింది. డెర్మటాలజిస్టు మాత్రం చేతిలో ఇమిడే భూతద్దం లాంటి పరికరంతో రెండు నిమిషాలు చూసి, ఏమీ లేదన్నారు. లక్షల ఫోటోలతో నేర్చుకున్న కంప్యూటర్‌ను నమ్మాలా, డాక్టర్‌నా? మా అమ్మగారు (61) మదనపల్లె నుంచి వచ్చి నా దగ్గరే ఉంటున్నారు. ఆమె అరికాలిలో ఏడాది క్రితం వచ్చిన నల్లమచ్చకు అదే యాప్ ‘ప్రమాదం తక్కువ’ అంది.
— ఒక పాఠకుడు

జవాబు: మీరు అడిగింది వీపు మచ్చ గురించి. నన్ను ఆపింది మాత్రం మీరు చివర్లో రాసిన మాట. అమ్మగారిని ఈ వారంలోనే డెర్మటాలజిస్టుకు చూపించండి.

మెలనోమా అనే చర్మ క్యాన్సర్ మన దేశంలో అరుదు. కానీ మనవాళ్లకు వచ్చినప్పుడు అరికాలు, అరచెయ్యి, గోరు అడుగు వంటి చోట్ల కనిపించడం ఎక్కువ. దీనికి ఎండతో పెద్దగా సంబంధం లేదు. గాయకుడు బాబ్ మార్లీ 36 ఏళ్లకే, 1981లో చనిపోయింది కాలి బొటనవేలిలో మొదలైన ఈ రకం క్యాన్సర్‌తోనే. మనం అరికాలి మచ్చను ముల్లు గుచ్చుకుందనో, ఆనెకాయ అనో అనుకుని నెలల తరబడి వదిలేస్తాం.

యాప్ ఎక్కువగా తడబడేదీ ఇక్కడే. ఇలాంటి ప్రోగ్రాములు నేర్చుకున్న ఫోటోల్లో అత్యధికం యూరప్, అమెరికా, ఆస్ట్రేలియాలలోని తెల్లచర్మం వారివి. 2022లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనంలో, పేరున్న ప్రోగ్రాములే ముదురు రంగు చర్మం దగ్గర వెనకబడ్డాయి. అందుకే ‘ప్రమాదం ఎక్కువ’ అన్న మాట కంటే ‘ప్రమాదం తక్కువ’ అన్న భరోసాకే నేను ఎక్కువ భయపడతాను. మొదటిది మిమ్మల్ని డాక్టర్ దగ్గరికి పంపింది, రెండోది అమ్మగారిని ఇంట్లో కూర్చోబెట్టింది.

కంప్యూటర్‌ను తీసిపారేయడం లేదు. 2017లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు సుమారు 1.29 లక్షల చిత్రాలతో తయారుచేసిన ప్రోగ్రాము 21 మంది నిపుణులకు దీటుగా నిలిచింది. 2018లో మరో ప్రోగ్రాము 100 చిత్రాల పరీక్షలో 58 మంది డాక్టర్లలో చాలామందిని మించింది. కానీ అవన్నీ ఏరి తీసిన మంచి చిత్రాలు. ట్యూబ్‌లైటు కింద ఫోనుతో తీసిన వీపు ఫోటోలో మెరుపు, నీడ, వెంట్రుకలు అన్నీ ఉంటాయి. మచ్చ దగ్గర సర్జరీ పెన్నుతో గీసిన గుర్తులు కూడా ఒక ప్రోగ్రామును పక్కదారి పట్టించి, మామూలు మచ్చనే క్యాన్సర్ అనిపించాయని 2019లో జర్మన్ పరిశోధకులు చూపారు. మీరేమైనా గీశారా?

మీ డాక్టర్ వాడింది డెర్మోస్కోప్. సుమారు పదింతలు పెద్దది చేసి, చర్మం పైమెరుపును తొలగించి, లోపలి రంగు అల్లికను చూపిస్తుంది. పైగా ఆమె మీ వీపంతా చూసి ఉంటారు. మిగతా మచ్చలన్నీ ఒక పోలికలో ఉండి ఒక్కటే విడిగా కనిపిస్తే దాని మీద అనుమానం వస్తుంది. యాప్‌కు మీరు చూపించింది ఒక్క మచ్చనే. మచ్చ ఎప్పటిదో కూడా దానికి తెలియదు. చిన్నప్పటి నుంచీ మారకుండా ఉన్న మీ మచ్చ విషయంలో నేనూ మీ డాక్టర్ మాటే అంటాను. రెండు సగాలూ ఒకేలా లేకపోవడం, అంచు చెదరడం, రంగులు కలగలవడం, 6 మిల్లీమీటర్లు దాటి పెరగడం, అన్నిటికన్నా ముఖ్యంగా మార్పు, ఇవి కనిపిస్తే మళ్లీ వెళ్లండి.

ఇక అమ్మగారి విషయం. అరికాలి చర్మాన్ని డెర్మోస్కోప్‌లో చూస్తే దున్నిన మడిలా గట్లు, చాళ్లు కనిపిస్తాయి. రంగు చాళ్ల వెంట ఉంటే సాధారణంగా మామూలు మచ్చే. గట్ల వెంట పరుచుకుంటే బయాప్సీ (మచ్చ నుంచి ముక్క తీసి ల్యాబులో పరీక్షించడం) చేయించాలి. 7 మిల్లీమీటర్లు దాటి, తీరు స్పష్టంగా లేకపోయినా అంతే. కత్తి పెడితే క్యాన్సర్ పాకుతుందన్న భయం వద్దు, అది నిజం కాదు. బయాప్సీ లేకుండా ఏ కంప్యూటరూ, ఏ డాక్టరూ క్యాన్సర్‌ను ఖాయం చేయలేరు. క్యాన్సర్ మందం ఒక మిల్లీమీటరు లోపు ఉండగానే దొరికితే చాలామందికి తీసేయడంతోనే నయమవుతుంది. ఈలోగా సున్నం పెట్టడం, పసరు పూయడం, పార్లరులో లేజరుతో కాల్పించడం వద్దు. కాల్చేశాక ల్యాబులో పరీక్షించడానికి ఏమీ మిగలదు.

ప్రైవేటు ఖర్చు ఎక్కువనుకుంటే శివాజీనగర్ దగ్గరి బౌరింగ్ ప్రభుత్వాసుపత్రిలో చర్మవ్యాధుల విభాగం ఉంది. క్యాన్సర్ అని తేలితే కిద్వాయ్ క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. వెళ్లే ముందు పాదాలకు పసుపు, గోరింటాకు, గోళ్లకు రంగు లేకుండా చూసుకోండి. మచ్చ ఎప్పుడు మొదలైందో, పెరిగిందో లేదో, రక్తం కారిందో అమ్మగారినే అడిగి కాగితం మీద రాసుకెళ్లండి. ఏడాది కిందటి ఫోటోలో ఆ పాదం ఎక్కడైనా కనిపిస్తే ఆ ఫోటో కూడా పట్టుకెళ్లండి.