పెరూ అడవిలో కాచిన కషాయం శంషాబాద్‌లో దిగితే?

ప్రశ్న: నాకు 34 ఏళ్లు, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. రెండేళ్లుగా డిప్రెషన్‌కు మాత్రలు వాడుతున్నాను. వచ్చే నెల పెరూలోని ఇకీటోస్ వెళ్లి, అక్కడి గిరిజన వైద్యుల దగ్గర అయహువాస్కా అనే మత్తు కషాయం తాగాలని ఉంది. అక్కడ అది నేరం కాదట. వచ్చేటప్పుడు ఆమ్‌స్టర్‌డామ్ మీదుగా ఒక అరలీటరు సీసా తెచ్చుకుని, మొయినాబాద్‌లో ఫ్రెండ్ ఫామ్‌హౌస్‌లో నలుగురం కలిసి మళ్లీ చేసుకోవాలనుకుంటున్నాం. ఇది మత స్వేచ్ఛ కిందికి రాదా? శివరాత్రికి భంగు తాగేవాళ్లను ఎవరూ పట్టుకోవట్లేదు కదా?

జవాబు: సీసా సంగతి ముందే చెప్పేస్తాను. తేవద్దు. అది కొరివితో తల గోక్కోవడమే.

మీరు విన్నదాంట్లో నిజం లేకపోలేదు. అమెజాన్ తెగల సంప్రదాయ అయహువాస్కా వాడకాన్ని, దాని చుట్టూ ఉన్న జ్ఞానాన్ని పెరూ ప్రభుత్వం 2008లో జాతీయ సాంస్కృతిక వారసత్వంగా ప్రకటించింది. షిపిబో లాంటి తెగల్లో వైద్యుడు రాత్రి చీకట్లో ఇకారో అనే పాటలు పాడుతూ ఈ కషాయం ఇస్తాడు. అయితే ఆ ప్రకటనే సంప్రదాయ వాడకం వేరు, పరాయివాళ్లకు వ్యాపారంగా చేసేది వేరు అని గీత గీసింది. ఆ తెగల ఆచారానికి ఇచ్చిన గౌరవం అది. మీ సూట్‌కేసుకు ఎగుమతి పర్మిట్ కాదు.

ఇక మన చట్టం. ఈ కషాయాన్ని ఒక తీగ, ఇంకో చెట్టు ఆకు కలిపి గంటల తరబడి కాచి చేస్తారు. ఆకులో ఉండేది డీఎంటీ అనే, భ్రాంతులు కలిగించే పదార్థం. మత్తుమందులను అరికట్టే మన 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం జాబితాలో (షెడ్యూల్‌లో) డీఎంటీ ఉంది. వైద్య, శాస్త్రీయ అవసరాలకు, అదీ అనుమతితో తప్ప, దాన్ని దగ్గర ఉంచుకోవడం, దిగుమతి చేసుకోవడం, వాడటం అన్నీ సెక్షన్ 8 కింద నిషిద్ధం. ‘షెడ్యూల్‌లో తీగ పేరు లేదు, ఆకు పేరు లేదు’ అని మీ ఫ్రెండ్ అనొచ్చు. పచ్చి ఆకు గురించి కోర్టులో ఆ వాదన కాసేపు నిలబడుతుందేమో. మ్యాజిక్ మష్రూమ్ అనే మత్తు పుట్టగొడుగుల కేసులో కేరళ హైకోర్టు 2025లో బెయిల్ ఇస్తూ, పుట్టగొడుగును మత్తు పదార్థం కలిపిన మిశ్రమంగా చూడలేమని చెప్పింది కూడా. కానీ మీరు తెచ్చేది ఆకు కాదు, కాచి వడకట్టిన ద్రవం.

ఇక్కడే అసలు ప్రమాదం ఉంది. శంషాబాద్ కస్టమ్స్‌లో ఎక్స్‌రే మీద ముదురు గోధుమరంగు చిక్కటి ద్రవం ఉన్న సీసా కనిపించిందనుకోండి. ఇద్దరు సాక్షులను పిలుస్తారు, సీలు వేస్తారు, పంచనామా రాస్తారు, శాంపిల్ ల్యాబ్‌కు వెళ్తుంది. రిపోర్టులో డీఎంటీ అని వచ్చాక, అది ఎన్ని మిల్లీగ్రాములు అన్నది మీరు అనుకున్నంత పనికిరాదు. హీరా సింగ్ కేసులో సుప్రీంకోర్టు 2020లో తేల్చింది: మిశ్రమం దొరికితే అందులోని మత్తు పదార్థం ఒక్కటే కాదు, మొత్తం బరువు లెక్కలోకి తీసుకోవాలి. అంటే నీళ్లతో సహా. అరలీటరు ద్రవం అంటే సుమారు అరకిలో తూకం. ఇది ‘చిన్న పరిమాణం’ అని వాదించమంటే ఏ లాయరైనా నీళ్లు నమలాల్సిందే. బరువు చట్టం పెట్టిన పెద్ద హద్దు దాటి ‘వాణిజ్య పరిమాణం’ అని తేలితే కనీసం 10 ఏళ్ల నుంచి 20 ఏళ్ల దాకా జైలు, కనీసం లక్ష రూపాయల జరిమానా. సెక్షన్ 37 వల్ల బెయిల్ దొరకడం కూడా గగనం. ‘నాకు తెలియదు’ అన్నా, సెక్షన్ 35 ప్రకారం తెలియదని నిరూపించుకోవాల్సింది మీరే. మీరైతే అన్నీ తెలిసే నాకు ఉత్తరం రాశారు!

దారిలో ఆమ్‌స్టర్‌డామ్ కూడా ఉంది. అయహువాస్కాను తెచ్చుకోవడానికి మత స్వేచ్ఛను అడ్డం పెట్టుకోలేరని డచ్ సుప్రీంకోర్టు 2019లో చెప్పింది. అంటే కథ శంషాబాద్ దాకా రాకపోవచ్చు.

మత స్వేచ్ఛ వాదన ఎక్కడా నెగ్గలేదా అంటే, నెగ్గింది. బ్రెజిల్ మూలాలున్న ఉనియావు దో వెజెతాల్ అనే చర్చి ఈ కషాయాన్నే ప్రసాదంగా తీసుకుంటుంది. 1999లో అమెరికా కస్టమ్స్ పట్టుకున్నాక చర్చి కోర్టుకు వెళ్లింది. 2006లో అక్కడి సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా చర్చి వైపు నిలిచింది. అయితే దానికి ఆధారం 1993లో అమెరికా ప్రత్యేకంగా చేసుకున్న మత స్వేచ్ఛ చట్టం. మనకు అలాంటిది లేదు. మన ఆర్టికల్ 25 మొదలవడమే ప్రజాశాంతి, నైతికత, ఆరోగ్యాలకు లోబడి అని. పైగా ఆ చర్చికి స్థిరపడిన సమాజం, నియమాలు ఉన్నాయి. మొయినాబాద్‌లో నలుగురు ఫ్రెండ్స్ వీకెండ్‌ను ఏ జడ్జీ మతం అనడు.

భంగు పోలిక చాలామంది తెస్తారు. పూత లేకుండా విడిగా ఉన్న గంజాయి ఆకులు, గింజలు చట్టంలోని గంజాయి నిర్వచనంలోకే రావు. ఆ సందులోంచి భంగు బయటపడి రాష్ట్రాల చేతికి వెళ్లింది. డీఎంటీకి అలాంటి సందు లేదు. ఫామ్‌హౌస్ విషయంలో మీ ఫ్రెండ్‌కు కూడా చెప్పండి: తెలిసి చోటు ఇచ్చినవాడికి సెక్షన్ 25 ఉంది, తాగినవాళ్లకు సెక్షన్ 27.

మరి పెరూలోనే తాగి ఖాళీ చేతులతో వస్తే? చాలామందికి తెలియని సంగతి ఒకటి: విదేశాల్లో ఉన్న భారత పౌరులకూ ఎన్‌డీపీఎస్ చట్టం వర్తిస్తుందని అందులోనే రాసి ఉంది. కాకపోతే విదేశంలో జరిగిన దాని మీద ఇక్కడ విచారణ నడపాలంటే కేంద్ర ప్రభుత్వ ముందస్తు అనుమతి కావాలి. అక్కడి ఆచారంలో ఒకసారి కూర్చున్నందుకు ఆ అనుమతి తెచ్చుకుని మీ వెంటపడతారని నేను అనుకోను. అలాగని వీడియో తీసి ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టకండి.

ఒక్క మాట, చట్టం చెప్పే నా పరిధి దాటి చెబుతున్నాను. ఆ తీగలో ఉండే హార్మిన్ లాంటి పదార్థాలకూ, డిప్రెషన్‌కు ఇచ్చే చాలా మాత్రలకూ అస్సలు పడదు. రెండూ కలిస్తే ఒంట్లో సెరటోనిన్ అనే రసాయనం పెరిగిపోయి ప్రాణం మీదికి రావచ్చు. అలాగని టికెట్ బుక్ చేసుకుని మాత్రలు మీ అంతట మీరే ఆపేయడం ఇంకో ప్రమాదం. నా దగ్గరికి వచ్చే ముందు మీ సైకియాట్రిస్ట్ దగ్గరికి వెళ్లాల్సింది. ఇప్పుడైనా వెళ్లి, ప్రయాణం సంగతి దాచకుండా చెప్పండి. డాక్టర్‌ను అడిగితే కేసు అవదు.